మేం తినే చేపను మేం తిన్నట్టే కొలవండి

చేపల్లో లోహాల గురించి నేను చదివిన పరిశోధనా పత్రాల్లో చాలావాటికి ముగింపు ఒకేలా ఉంటుంది. కండలో సీసం ఇంత, కాడ్మియం ఇంత, పాదరసం ఇంత, అన్నీ అనుమతించిన పరిమితి లోపలే ఉన్నాయి, కాబట్టి ఈ చేపలు తినొచ్చు, అంతే. నాకు గొడవంతా ఆ కండ దగ్గరే. ఒడిశాలోని గంజాం తీరంలో గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్ వైపు తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఇళ్లలో వంజరం, చందువ లాంటివి అమ్మకానికి పోతాయి. పొయ్యి మీదికి ఎక్కేవి నెత్తళ్లు, కవళ్లు, సావడాయిలు, నది సముద్రంలో కలిసే మొగలో వలకు పడిన చిల్లర చేపలు. వాటిని ఎవరూ చర్మం ఒలిచి, ముల్లు తీసి, కండ వేరు చేసుకుని తినరు. నెత్తళ్లయితే తల గిల్లితే గిల్లుతారు, లేకపోతే అదీ లేదు, ముల్లుతో సహా నమిలి మింగడమే. ల్యాబులో కొలిచేది ఒకటి, మా కంచంలో ఉండేది ఇంకొకటి.

నేను జువాలజీ చదివి, కొన్నేళ్లు ఓ ల్యాబులో చేపల శాంపిల్స్ మీద పనిచేశాను. కాబట్టి ఆ కండ ముక్కే ఎందుకు తీసుకుంటారో నాకు తెలుసు. నిబంధనల్లో రాసిన పరిమితులు చాలావరకు తినే కండకే ఉంటాయి, ఇతర దేశాల వాళ్లు రాసిన పేపర్లతో పోల్చుకోవడం సులువు, నైట్రిక్ ఆసిడ్‌లో శుభ్రంగా కరుగుతుంది, యంత్రంలో పెడితే అంకె వచ్చేస్తుంది. ఇదంతా తప్పని నేను అనడం లేదు. కాకపోతే చేపను అడ్డంగా ముక్కలు కొట్టుకుని కండ తినేవాళ్లకు సరిపోయే లెక్కను, చేపను నిలువునా మింగేవాళ్ల మీద పెట్టి "మీకేం భయం లేదు" అనడం న్యాయం కాదు.

ఎందుకు కాదో చెప్పాలంటే ముందు ఒక్కో లోహం చేప ఒంట్లో ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. వార్తల్లో "భార లోహాలు" అని అన్నిటినీ ఒకే మూటలో కట్టేస్తారు గానీ, వీటి దారులు వేరు వేరు. కాడ్మియం ముఖ్యంగా కాలేయంలో, కిడ్నీల్లో చేరుతుంది. అక్కడ మెటలోథయోనీన్ అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది, 1957లో మొదటిసారి గుర్రం కిడ్నీలో కనిపెట్టారు దాన్ని, అది లోహాన్ని పట్టి ఉంచుతుంది. కండకు వచ్చే కాడ్మియం చాలా తక్కువ. సీసం కాల్షియం వెళ్లే దారినే వెళ్తుంది, కాబట్టి ఎముకల్లోనూ పొలుసుల్లోనూ మొప్పల్లోనూ పోగవుతుంది, కండలో మళ్లీ తక్కువే. రాగి ఎక్కువైతే ముందు దెబ్బ తినేది మొప్పలు, అక్కడ ఉప్పు సమతూకం చూసే కణాలు పాడవుతాయి. ఇంకా తక్కువ మోతాదులోనే వాసన పట్టే శక్తి పోతుంది, అంటే పెద్ద చేప దగ్గరికి వస్తున్నా చిన్న చేపకు తెలియదు. ఇది కండలో కొలిస్తే దొరికే సంగతి కానే కాదు. చేప బతికి ఉండగానే, మనం కొలిచే అంకె పరిమితిలో ఉండగానే, దాని బతుకు పాడైపోయి ఉండొచ్చు.

పాదరసం ఒక్కటే తేడా. బురదలో గాలి ఆడని చోట ఉండే బాక్టీరియా, ముఖ్యంగా సల్ఫేట్ మీద బతికేవి, మామూలు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీ అనే ఇంకా విషమైన రూపంలోకి మార్చేస్తాయి. అది ప్రోటీన్‌కు అంటుకుంటుంది, అందుకే నేరుగా కండలోకే వస్తుంది. కొవ్వు తీసేసినా, చర్మం ఒలిచినా, ఎంతసేపు ఉడికించినా పోదు. చిన్నదాన్ని పెద్దది తింటూ పోయే కొద్దీ పెరుగుతూ పోయి, నీళ్లలో ఉన్నదానికి లక్షల రెట్లు పెద్ద వేట చేపల్లో చేరుతుంది. సొర, పెద్ద వంజరం, తూర, ముసలి పండుగప్ప, వీటిలోనే ఎక్కువ. ఎక్కువ కాలం బతకని నెత్తలిలో చాలా తక్కువ.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. పాదరసం భయం పెద్ద చేప కండలో ఉంది, దాన్ని కండలో కొలవడమే సరైన పని. సీసం, కాడ్మియం భయం మాత్రం పేగులూ మొప్పలూ ముల్లూ కలిపి తినే చిన్న చేపలో ఉంది, అక్కడ కండ కొలిచి లాభం లేదు. పేగులో ఆ చేప మింగిన బురద కూడా ఉంటుంది, అది కూడా మన కడుపులోకే వెళ్తుంది. మా ఇళ్లలో తినేది రెండో రకం. పేపర్లలో ఎక్కువగా కనిపించేది మొదటి రకం లెక్క.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే నేను జనాన్ని చేపలు మానెయ్యమంటున్నానని అనుకుంటారు. చిన్న చేపను తలతో ముల్లుతో తినడం పేదింటి పిల్లలకు దొరికే గొప్ప ఆహారం. 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ అందుకున్న శకుంతల థిల్‌స్టెడ్ బంగ్లాదేశ్‌లో ఏళ్ల తరబడి చూపించింది ఇదే, చిన్న దేశవాళీ చేపల్ని మొత్తంగా తింటే కాల్షియం, ఐరన్, జింక్, విటమిన్ ఏ, పెద్ద చేప ముక్కలో రానంత వస్తాయి. మా అమ్మమ్మల కాలం నుంచి పిల్లలకు పెట్టింది ఇదే. అందుకే నా కోపం ఇంకాస్త ఎక్కువ. ఇంత మంచి తిండి గురించి మాకు సరైన సమాచారం రావాలి. అందులో ఏమీ లేకపోతే నిశ్చింతగా తింటాం, ఏదైనా ఉంటే ఏ రేవులో ఏ కాలంలో ఉందో తెలుసుకుని తింటాం.

అంకెల దగ్గరికి వద్దాం. పేపర్లో "కిలోకి 1 మిల్లీగ్రాము" అని ఉంటే అది పచ్చి చేప బరువు మీదా, ఎండబెట్టిన పొడి బరువు మీదా అని ముందు చూడాలి. చేప కండలో 75 నుంచి 80 శాతం నీళ్లే కాబట్టి పొడి బరువు అంకె పచ్చి బరువు అంకెకు నాలుగైదు రెట్లు ఉంటుంది. పొడి అంకెను పచ్చి చేప పరిమితితో పోల్చి ఊళ్లో టెన్షన్ పెట్టే వార్తలు వస్తాయి, పచ్చి అంకె చూసి ధైర్యం చెప్పేవాళ్లు ఎండుచేప సంగతి మర్చిపోతారు. ఎండు నెత్తళ్లలో నీళ్లు పోయి లోహం అలాగే ఉండిపోతుంది కాబట్టి కిలోకి లెక్క వేస్తే పెరుగుతుంది. వానాకాలంలో, వేట నిషేధం రోజుల్లో మా వైపు ఇళ్లలో ఎండుచేపే ఆధారం. ఒక్కో పూటకు తినే బరువు తక్కువే, నిజమే, అయినా దాన్ని వేరేగా కొలిచి లెక్క వెయ్యాలి గదా.

ఇంకోటి, పరిమితి అనేది చేపకు పెట్టింది, మనిషికి చేరేది ఎంత తింటున్నాడన్న దాన్ని బట్టి. ఎఫ్‌ఏవో, డబ్ల్యూహెచ్‌వో (ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థలు) నిపుణుల ఉమ్మడి కమిటీ కడుపులో బిడ్డను దృష్టిలో పెట్టుకుని 2003లో మిథైల్ మెర్క్యురీకి ఓ హద్దు చెప్పింది, వారానికి ఒంటి బరువు కిలోకి 1.6 మైక్రోగ్రాములు. 50 కిలోల ఆడమనిషికి వారానికి 80 మైక్రోగ్రాములన్నమాట. మన దేశంలో 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు మిథైల్ మెర్క్యురీకి కిలోకి 0.25 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకున్నాయి. సరిగ్గా ఆ హద్దులో ఉన్న చేపను వారానికి 320 గ్రాములు తింటేనే 80 నిండిపోతుంది. పట్నంలో ఆదివారం ఒక్కపూట చేపల కూర తినే ఇంటికి ఇది సరిపోతుంది. రోజూ 200 గ్రాములు తినే మత్స్యకార కుటుంబంలో అయితే, చేపలో ఉన్నది 0.1 మిల్లీగ్రామే అనుకున్నా, అంటే పరిమితిలో సగం కూడా లేదనుకున్నా, వారానికి 140 మైక్రోగ్రాములు అవుతుంది. చేప పరీక్షలో పాస్, గర్భిణికి మాత్రం హద్దు దాటింది. "పరిమితి లోపలే" అనే ఒక్క ముక్కలో ఇదంతా దాక్కుని ఉంది. మా వైపు చేపల్లో ఇంత ఉందని నేను అనడం లేదు, తినే బరువు తెలియకుండా తినొచ్చని తీర్పు ఇవ్వకూడదని అంటున్నాను.

ఏ చేపను కొలవాలన్నది కూడా చిన్న విషయం కాదు. ఇక్కడే చేపల బతుకు తెలిసినవాళ్లు, అంటే వేటకు వెళ్లేవాళ్లు, ల్యాబు వాళ్లకంటే ముందుంటారు. బజారుకు వెళ్లి ఐదారు రకాలు కొనుక్కొచ్చి కొలిచేసి, కింద "ఫలానా నది కాలుష్యం" అని రాసిన పేపర్లు నేను చూశాను. కవళ్లు గుంపులు గుంపులుగా సముద్రంలో తిరిగేవి, నిన్న ఎక్కడున్నాయో ఇవాళ ఎక్కడున్నాయో. వాటిలో ఉన్న లోహం మా రుషికుల్య నదిదా, ఇంకెక్కడిదా అని ఎవరు చెప్పగలరు? ఇలస సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కుతుంది, ఆ ప్రయాణంలో మేత తీసుకోవడం బాగా తగ్గించేస్తుంది. పండుగప్ప అయితే నదిలోనూ మొగలోనూ పెరిగి గుడ్లకు ఉప్పునీటికి వెళ్తుంది, పైగా ముందు మగగా ఉండి పెద్దయ్యాక ఆడగా మారుతుంది, కాబట్టి పెద్ద సైజు చేపలన్నీ దాదాపు ఆడవే, వయసు మీరినవే. పొడవు, బరువు, వయసు రాయకుండా "పండుగప్పలో పాదరసం ఇంత" అంటే ఏ పండుగప్పలో అని అడగాలి. కొయ్యింగలు బురద మీది నాచు, కుళ్లు తింటాయి, కానీ అవీ చిలికా సరస్సుకు సముద్రానికి మధ్య తిరుగుతాయి. చిలికా దక్షిణ కొసను రుషికుల్య మొగతో కలిపే పాలూరు కాలువ ఉండనే ఉంది.

అదే ఇసుకదొందును తీసుకోండి. అడుగున ఇసుకలోనే పడుకుని ఉంటుంది, దూరం పోదు, దగ్గరికి వచ్చినదాన్ని పట్టి తింటుంది. ఉన్నచోటే పాతుకుని నీళ్లను వడకట్టుకుని బతికే గుల్లలు ఇంకా మేలు. 1975లోనే ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త తీరం పొడవునా ఇలాంటి గుల్ల జీవుల్ని ఏటేటా కొలుస్తూ పోదామని ప్రతిపాదించాడు, అమెరికాలో అది పెద్ద కార్యక్రమంగా సాగింది. ఏ చేప కదలదు, ఏది ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోతుంది, ఏది ఏం తింటుంది అని మొగ దగ్గర వల వేసే ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతాడు. ఆయన్ని అడగకుండా శాంపిల్ తీస్తే ఖరీదైన యంత్రం ఎంత కచ్చితంగా కొలిచినా ఉపయోగం ఉండదు.

రుషికుల్య గురించి మాట్లాడేటప్పుడు పాదరసాన్ని పక్కన పెట్టలేం. గంజాం ఊరి దగ్గర, మొగకు దగ్గర్లోనే, పాదరసం సెల్లులతో నడిచిన కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఉండేది. ఆ పద్ధతిలో సెల్లు అడుగున పాదరసం పారుతూ ఉంటుంది, పైన ఉప్పునీళ్లు, కరెంటు పెడితే సోడియం పాదరసంలో కలుస్తుంది, తర్వాత దాన్ని నీళ్లతో విడగొట్టి కాస్టిక్ సోడా తీస్తారు, పాదరసం మళ్లీ తిరుగుతుంది. తిరిగేటప్పుడు కొంత మడ్డిలోకి, కొంత వ్యర్థ జలంలోకి, కొంత గాలిలోకి పోతుంది. 1980లలోనే బరంపురం విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ చుట్టుపక్కల నీళ్లలో, మట్టిలో, మొక్కల్లో, చేపల్లో పాదరసం కొలిచి ప్రచురించారు. ఇది మన ప్రాంతంలో జరిగిన విలువైన పని, చాలా తీర ప్రాంతాలకు ఇలాంటి పాత లెక్కే లేదు. దేశంలో పాదరసం సెల్లులు పోయి, పాదరసం అక్కర్లేని మెంబ్రేన్ పద్ధతి వచ్చింది. పాదరసం వాడకాన్ని అరికట్టే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం మీద 2014లో సంతకం చేసిన మన ప్రభుత్వం 2018లో దాన్ని ఆమోదించింది కూడా. కానీ బురదలో కూర్చున్న పాదరసం పద్ధతి మారిందని లేచిపోదు. ఆ పాత లెక్కలున్న చోట్లే మళ్లీ బురద తీసి, పొరలు పొరలుగా కోసి, ఇప్పుడెంత ఉందో, పైన కొత్త ఒండ్రు కప్పేసిందా లేదా చూడాలి. కప్పేసి ఉంటే చాలావరకు నిశ్చింత. మొగ పూడిక తవ్వినప్పుడో, తుఫానుకు కోసుకుపోయినప్పుడో అది పైకి వస్తుంది, కాబట్టి తవ్వే ముందు కొలవాలి.

మొగ అంటే మామూలు చోటు కాదు, ఆ మాటకొస్తే. వర్షాకాలంలో నది నీళ్లు నిండుగా వచ్చి తియ్యగా ఉంటుంది, ఎండాకాలంలో ఇసుక మేట వేసి సన్నబడి ఉప్పెక్కుతుంది. నదితో పాటు కొట్టుకొచ్చిన మట్టి రేణువుల్ని పట్టుకుని ఉన్న కాడ్మియం ఉప్పునీళ్లు తగలగానే కొంత విడిపోయి నీళ్లలోకి వస్తుంది, మళ్లీ అదే ఉప్పులోని క్లోరైడ్ దాన్ని పట్టి చేపకు అందకుండా కొంత అడ్డుకుంటుంది. ఒకే లోహం, ఒకే చోటు, కార్తీకంలో ఒక తీరు, వైశాఖంలో ఒక తీరు. ఒక్కసారి వెళ్లి తెచ్చిన శాంపిల్‌తో నది గురించి చెప్పేయడం కుదరదంటే ఇందుకే. పైగా మా ఛత్రపురం తీరంలో ఇసుకలోనే ఇల్మెనైట్ (ఇనుము, టైటానియం కలిసినది), జిర్కాన్, మోనజైట్ లాంటి ఖనిజాలు సహజంగా ఉన్నాయి. ఇనుము, టైటానియం ఎక్కువ కనిపించగానే ఎవరో పారబోశారని అనుకోకూడదు.

ఫ్యాక్టరీ మీదే అంతా నెట్టేయడం కూడా నాకు ఇష్టం లేదు. విసురు వలల అంచుకు కట్టే సీసం గుండ్లు చూడండి. కొన్ని ఇళ్లలో పాత సీసం కరిగించి ఇంటి పెరట్లోనే పోసుకుంటారు, పక్కన పిల్లలు ఆడుకుంటుంటారు. ఆ పొగ, ఆ బూడిద, చేప ద్వారా వచ్చే సీసం కంటే ఆ పిల్లలకు ఎక్కువ ప్రమాదం కావచ్చు. ఊళ్లో సీసం గురించి పనిచేసేవాళ్లు చేపతో పాటు ఈ పెరడు కూడా చూడాలి.

మహారాష్ట్రలోని సిరొంచ వైపు నుంచి చదివే తెలుగువాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది. చంద్రపూర్ బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం ఉన్న ప్రాంతం మీదుగా వచ్చే వర్ధా, వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అయి మీ దగ్గర గోదావరిలో పడుతుంది. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, పాదరసం ఉంటాయి. మీ ఊళ్లో తినే ఇంగిలాయి, మట్టగిడస లాంటివాటిని మీరు తినే తీరులోనే ఎవరైనా కొలుస్తున్నారా అని అడగండి.

మినమాటా పేరు వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అది జపాన్‌లోని తీరపు ఊరు, అక్కడి చిస్సో రసాయన ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా జనానికి చేరి జబ్బు తెచ్చింది. 1956 మే 1న ఆ జబ్బును అధికారులకు తెలియజేసింది చిస్సో ఫ్యాక్టరీ ఆసుపత్రి పెద్ద డాక్టర్ హొసొకావానే. ఆయనే 1959 జూలై నుంచి ఫ్యాక్టరీ వ్యర్థం కలిపిన తిండి ఓ పిల్లికి పెట్టి చూశాడు, ఆ ప్రయోగంలో దాని నంబరు 400, దానికి అవే లక్షణాలు వచ్చాయి. కంపెనీ ఆ ఫలితాన్ని బయటపెట్టనివ్వలేదు. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకున్నది 1968లో. మధ్యలో అన్నేళ్లూ జాలర్ల ఇళ్లలో అదే చేప తిన్నారు. కొలత లేక జరిగిన నష్టం కాదది, కొలిచినది తినేవాళ్లకు చెప్పకపోవడం వల్ల జరిగింది. మా దగ్గర ఎవరూ దాచారని నేను అనడం లేదు. కానీ ఇంగ్లీషు జర్నల్లో అచ్చయి, డబ్బు కట్టి చదవాల్సిన చోట ఉన్న ఫలితం, ఒడియా బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మా వాళ్లకు చేరడం లేదు.

శాంపిల్ కోసం రేవుకు వెళ్లినప్పుడు చేపలమ్మే ఓ అమ్మ నన్ను అడిగింది, "ఏటి బాబూ, ఎప్పుడూ వచ్చి చేపలట్టుకెల్తారు గానీ ఏటి తేలిందో ఎవులూ సెప్పరేటి? ఏదో ఒకటి ఉందంటే ఏ చేపలో ఉందో సెప్తే మా కోడలికి అది పెట్టకుండా ఉంటాను గదా." ఆమె అడిగింది చిన్న కోరిక. దానికి సరిపోయే జవాబు ఏ పేపర్లోనూ దొరకదు, ఎందుకంటే ఆమె కోడలు ఏం తింటుందో ఎవరూ రాసుకోలేదు.

చెయ్యడానికి కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. ఇంటింటికీ వెళ్లి ఏ చేప, ఎంత, ఎలా వండుకుంటున్నారు, పచ్చిదా ఎండుదా అని ముందు రాసుకోవాలి, ఇది ఎమ్మెస్సీ విద్యార్థులు చెయ్యగల పని. ఆ వండే చేపను వండే తీరులోనే, చిన్నదైతే మొత్తంగా రుబ్బి, పెద్దదైతే కండ, కాలేయం, మొప్ప వేరువేరుగా కొలవాలి. పక్కన అక్కడి బురద, గుల్లలు. ప్రతి బ్యాచ్‌తో పాటు లోహం ఎంతుందో ముందే తెలిసిన ప్రామాణిక చేప పొడిని కూడా కొలిచి, ఆ ఫలితం కూడా పేపర్లో చూపించాలి. అది లేని అంకెను నేను నమ్మను. మనుషుల్లో పాదరసం చూడాలంటే రక్తం కూడా అక్కర్లేదు, తలవెంట్రుకలు చాలు. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మొదలు నుంచి కోసిన మూడు సెంటీమీటర్ల ముక్కలో గత మూడు నెలల తిండి లెక్క ఉంటుంది. ఒప్పుకున్న ఆడవాళ్ల దగ్గరే తీసుకోవాలి, ఎవరి ఫలితం వాళ్ల చేతికే, వాళ్ల భాషలో, ఏం చెయ్యాలో కూడా రాసి ఇవ్వాలి. ఎవరి పేరూ బయటికి రాకూడదు, ఊరి పేరు పత్రికకు ఎక్కేముందు ఊరివాళ్లకు చెప్పాలి, ఎందుకంటే ఒక్క వార్తతో రేవులో ధర పడిపోతే ఆ నష్టం మళ్లీ ఆ కుటుంబాల మీదే పడుతుంది.

ఈలోగా ఇంట్లో గర్భిణి ఉంటే సొర, పెద్ద తూర లాంటివి తగ్గించి చిన్న చేపలు పెట్టండి, వాటి పేగులు, మొప్పలు తీసేసి బాగా కడిగి వండండి, తల, ముల్లు మాత్రం కాల్షియం కోసం, వాటిలో సీసం ఎక్కువని కొలతల్లో తేలితే తప్ప, ఉంచుకోవచ్చు. సీసం కరిగించే పని ఇంట్లో పెట్టుకోకండి. గంజాం వైపు నెత్తళ్లు, ఇసుకదొందు, కొయ్యింగల్లో ఎవరి దగ్గరైనా పాత కొలతలుంటే, ఏ నెలలో, ఏ రేవులో, ఎంత పొడవు చేపలో, పచ్చి బరువా పొడి బరువా అన్న వివరాలతో కింద రాయండి. అన్నీ ఒకచోట పట్టికగా పెట్టి, తెలుగులోనూ ఒడియాలోనూ నేను రాస్తాను.